గనికార్మికుని ఊపిరియు, ప్రేగులలోని క్రిములును

భద్రాచలము రోడ్డు స్టేషనులో దిగిన యాత్రికుడు రాముని దర్శనమునకు ఇంకను నలుబది కిలోమీటర్ల దారి కలదని తెలిసికొని బండి వెదకికొనును. తాను దిగిన యూరి పేరు కొత్తగూడెమనియు, తన యింట రాత్రి వెలుగు దీపమునకు కావలసిన బొగ్గునకు అది రాజధానియనియు అతనికి పట్టదు. 1871లో భూగర్భశాస్త్రశాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున నేలబొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండున ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ దానిని త్రవ్వుకొను హక్కును సంపాదించెను. 1889 నుండి బొగ్గు పైకి వచ్చుచున్నది. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీసు కంపెనీ ఏర్పడెను. నేడు అందు రాష్ట్రప్రభుత్వమునకు నూటికి 51 పాళ్లు, కేంద్రమునకు 49 పాళ్లు కలవు. ఇంతకాలమునుండి గనులనుండి పైకి వచ్చిన బొగ్గునకు టన్నులలో లెక్క కలదు. పైకి రాక, త్రవ్వినవాని రొమ్ములోనే నిలిచిపోయిన బొగ్గునకు లెక్క అడిగినవారు తక్కువ.

ఈ రెండవ లెక్కనుగూర్చియే నేడు చదువరులతో మాటాడదలచితిమి. మాటాడవలసిన సందర్భమేమనగా, ఊపిరితిత్తుల వ్యాధికి ప్రేగులలో వైద్యము కలదను వార్త యొకటి వైద్యపత్రికలనుండి దినపత్రికలకును, దినపత్రికలనుండి మందుల దుకాణములకును దిగివచ్చినది. వార్త వట్టి అబద్ధము కాదు. దుకాణమునకు చేరునప్పటికి మాత్రము అది చాలవరకు మారిపోయినది.

మొదట వ్యాధిసంగతి. గనిధూళి ఊపిరితిత్తులకు చేయు చెరుపు ముఖ్యముగా రెండు విధములు. ధూళిలోని మిక్కిలి సన్నని రేణువులు గాలిగదులలో నాటుకొనగా, శరీరము వానిచుట్టును మచ్చ కట్టుటచే వచ్చునది న్యూమోకోనియోసిస్. ఇది ఎక్స్‌రే పటమున కనబడును. బొగ్గుతోబాటు రాతిపొడి, అనగా సిలికా, కలిసినచో మచ్చలు త్వరగా పెరిగి ఒకదానితోనొకటి కలిసిపోవును. రెండవది, శ్వాసనాళములు ఇరుకై, గాలిగదుల గోడలు చితికి, లోనికి పోయిన గాలి పూర్తిగా వెడలక నిలిచిపోవు దీర్ఘకాల శ్వాసావరోధవ్యాధి. డాక్టర్లు దీనిని సి.ఓ.పి.డి. అందురు. దీనికి ఎక్స్‌రే చాలదు. స్పైరోమీటరను గొట్టములో ఊదించి కొలువవలయును. ఈ రెండవ వ్యాధి గనికార్మికులకు మాత్రమే పరిమితము కాదు. చుట్ట, బీడీ, కట్టెలపొయ్యి పొగ, నగరపు గాలి అన్నియు దీనికి తోడ్పడును. 2021లో లోకమున దీనివలన 35 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. మనదేశమున 2016 నాటికి ఐదున్నర కోట్లమందికి ఇది కలదని పరిశోధకులు అంచనా కట్టిరి. భూగర్భమున అగ్గిపుల్ల గీయుట నేరమైన చోట బీడీకి బదులు పొగాకు నమలుటయే అలవాటు; కావున గనిలో దిగినవాని దగ్గునంతటిని బీడీమీద నెట్టుట న్యాయము కాదని మొదటనే చెప్పవలసియున్నది.

ఈ రెండింటిలో దేనినైనను పూర్తిగా మాన్పగల మందు నేటికిని లేదు. పీల్చెడి మందులు ఆయాసమును తగ్గించును. క్రమమైన వ్యాయామము, ఊపిరి అభ్యాసములు నడకను పెంచును. మిక్కిలి ముదిరినవానికి ప్రాణవాయువు సిలిండరు తోడగును. కట్టిన మచ్చను కరగించునది మాత్రము లేదు. రెండు మెట్లెక్కి ఆగి, గోడపట్టుకొని ఊపిరి కూడదీసికొను మనిషికి ఎవరైన వచ్చి ‘నీ వ్యాధికి మూలము రొమ్మున లేదు, పొట్టలో కలదు, ఇదిగో పొడి’ యనిన అతడు కొనకుండునా?

ఇక శాస్త్రము చెప్పుమాట. మనుష్యుని దేహమున సుమారు 38 లక్షల కోట్ల సూక్ష్మజీవులు కలవు. మన స్వంతకణముల సంఖ్యకు అవి ఇంచుమించు సమానము. వానిలో అత్యధికము పెద్దప్రేగున కాపురమున్నవి. మనకు జీర్ణము కాని పీచు వానికి ఆహారము. ఆ పీచును పులియబెట్టి అవి కొన్ని చిన్న ఆమ్లములను పుట్టించును: ఎసిటేటు, ప్రొపియొనేటు, బ్యూటిరేటు. బ్యూటిరేటు ప్రేగుగోడలోని కణములకు ముఖ్యమైన ఇంధనము. మిగిలినవి రక్తమున కలిసి దేహమంతయు తిరుగుచు, రోగనిరోధకకణములు ఎంతవరకు రెచ్చవలెనో, ఎప్పుడు అణగవలెనో చెప్పు సంకేతములలో పాలుపంచుకొనును. ధూళితోను పొగతోను చెడిన ఊపిరితిత్తులలో జరుగునది ముఖ్యముగా ఈ అణగని రెచ్చుటయే. కావున ప్రేగునకును ఊపిరితిత్తికిని సంబంధము కలదనుట మంత్రతంత్రముల మాట కాదు.

సంబంధము ఒకవైపునుండియే కాదు. శ్వాసనాళములలోని సన్ననివెండ్రుకలు ధూళిని కఫముతో కలిపి గొంతుదాక తెచ్చును; అందు కొంత ఉమియుదుము, అధికభాగము తెలియకయే మింగుదుము. అనగా గనిధూళి కార్మికుని ప్రేగునకును చేరుచున్నది. మరియు సి.ఓ.పి.డి. కలవారు ఇంటిపనులవంటి సామాన్యపు శ్రమ చేసినను వారి ప్రేగుగోడ కొంత సడలి, లోపలివి రక్తములోనికి జారుచున్నవని 2014లో నెదర్లాండ్సు వైద్యులు చూపిరి.

అదే సంవత్సరము స్విట్జర్లాండునందలి లొసాను పరిశోధకులు ఎలుకలకు పీచు ఎక్కువగల ఆహారము పెట్టిచూడగా, ఉబ్బసమువంటి వాపు వాని ఊపిరితిత్తులలో తగ్గెను. ఆ ఆమ్లములు ఎముకమజ్జలో పుట్టు కణముల స్వభావమునే మార్చినవని వారు కనుగొనిరి. 2020లో ఆస్ట్రేలియావారు 28 మంది సి.ఓ.పి.డి. రోగుల మలమును 29 మంది ఆరోగ్యవంతుల మలముతో పోల్చి, సూక్ష్మజీవుల జాతులలోను, అవి పుట్టించు పదార్థములలోను స్పష్టమైన భేదము కలదనిరి. 2022లో తైవాను శాస్త్రజ్ఞులు ఒకానొక ప్రేగుక్రిమిని పొగపట్టిన ఎలుకలకిచ్చి వాని ఊపిరిని మెరుగుపరచిరి. 2024లో ఆస్ట్రేలియావారే మరల ఆరోగ్యమైన ఎలుకల క్రిములను పొగపట్టిన ఎలుకలకు మార్చియు, జీర్ణము కాని పిండిపదార్థమును తినిపించియు వాపు తగ్గుట చూచిరి. కొలదిమంది రోగులపై పీచుపదార్థముతో చిన్న పరీక్షయు చేసిరి.

చదువరులు ఈ జాబితాలో ఎలుకలెన్ని, మనుష్యులెందరు అని లెక్కించుకొనవలయును. మనుష్యులను పెద్దసంఖ్యలో చూచిన పరిశీలనలలో నొకటి అమెరికాలో 2010లో ప్రకటితమైనది: లక్షా 11 వేలమందికి పైగా స్త్రీపురుషుల భోజనమును ఏండ్లతరబడి గమనింపగా, పీచు అందరికంటె ఎక్కువ తినువారిలో సి.ఓ.పి.డి. అందరికంటె తక్కువ తినువారికన్న సుమారు మూడవవంతు తక్కువగా నుండెను. కాని పీచు తినువారు పొగ త్రాగుట తక్కువ, నడచుట ఎక్కువ. ఆ భేదములను లెక్కలో సరిచూచితిమని వారు చెప్పినను, గమనించుట వేరు, పరీక్షించుట వేరు. గనిధూళిచే మచ్చకట్టిన ఊపిరితిత్తులను ప్రేగువైద్యముతో మాన్పితిమని చెప్పగల నమ్మదగిన పరీక్ష మా యెరుకలో ఒక్కటియు లేదు.

మనకు మిక్కిలి దగ్గరి దృష్టాంతమొకటి కలదు. అది గనికార్మికులది కాదు, పసిబిడ్డలది. ఒడిశా గ్రామములలో 4,556 మంది నవజాతశిశువులపై జరిగిన పరీక్షను 2017లో ప్రకటించిరి. పుట్టిన కొలదిదినములలో ఒక వారముపాటు లాక్టోబాసిల్లస్ జాతిక్రిమిని, దానికి మేతగా ఒక చక్కెరపదార్థమును కలిపి యిచ్చిరి. ఇయ్యని పిల్లలలో రక్తమున విషమెక్కుటయో, మరణమో నూటికి 9 మందికి కలుగగా, ఇచ్చినవారిలో అది 5.4కు దిగెను. ఊపిరితిత్తుల అంటువ్యాధులును తగ్గినవి. ప్రేగునకిచ్చిన క్రిమి రొమ్మును కాపాడిన సంగతి మన పొరుగురాష్ట్రపు పల్లెలలోనే రుజువైనది. అయితే, ఏ క్రిమి, ఎంత మోతాదు, ఎన్నిదినములు, ఎవరికి అనునవన్నియు అందు నిర్ణీతములు. దుకాణపు డబ్బామీద ‘ప్రోబయాటిక్’ అని యుండుటకును దీనికిని సంబంధము లేదు. పసిబిడ్డకు పనిచేసినది అరువదియేండ్ల పదవీవిరమణ కార్మికునకు పనిచేయునని ఎవరును చూపలేదు.

పుల్లని పెరుగు ఆయువును పెంచునని రష్యాపండితుడు మెచ్నికాఫ్ వాదించెను; 1908లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది (పెరుగునకు కాదు, రోగనిరోధకశాస్త్రమునకు). మజ్జిగ లేక అన్నము ముగియదని తీర్మానించిన మన ముత్తవ్వలకు ఏ బహుమానమును రాలేదు. అయినను మజ్జిగను ఊపిరితిత్తుల ఔషధమని వారును అనలేదు.

ప్రేగుల సంగతి వచ్చినపుడు యల్లాప్రగడ సుబ్బారావును తలపకుండుట తెలుగువారికి సాధ్యము కాదు. 1895లో భీమవరమున పుట్టిన ఆ మహనీయుని సోదరు లిద్దరిని పొట్టనబెట్టుకొన్నది స్ప్రూ అను ప్రేగువ్యాధి. ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన బృందమును నడపినవాడును ఆయనయే. 1948లో, ఆయన మరణించిన సంవత్సరముననే, ఆయన పర్యవేక్షణలోని ప్రయోగశాలనుండి ఆరియోమైసిన్ వెలువడెను. అనేకజాతుల క్రిములను ఒక్కసారిగా చంపు టెట్రాసైక్లిన్ వర్గపు మందులకు అది మొదటిది. ఎన్నియో ప్రాణములను నిలిపిన ఈ మందులే, అక్కరలేనిచోట పదేపదే వాడినపుడు, ప్రేగులలోని మిత్రక్రిములనుగూడ ఊడ్చివేయును. దగ్గు ముదిరిన ప్రతిసారియు చీటి లేకుండ దుకాణమున నాలుగు మాత్రలు కొని మ్రింగు అలవాటు గనిప్రాంతమునకే కాదు, మన పట్టణములన్నిటికిని కలదు. ప్రేగుక్రిములను నూరురూపాయల పొడితో పెంచి, మరునాడు అక్కరలేని మాత్రతో చంపుకొనువానికి ఏమి మిగులును? ఊపిరి నిజముగా ముదిరినపుడు డాక్టరు ఇచ్చిన మందును మానుమని మాత్రము మా తాత్పర్యము కాదు, అది ప్రాణాంతకము.

ఆరోగ్యవంతుని మలమునుండి తీసిన క్రిములను రోగి ప్రేగునకు మార్చు చికిత్సనుగూర్చి రెండుమాటలు. వినుటకు రోతగా నున్నను ఇది నిజమైన వైద్యము. 1958లో అమెరికాలోని డెన్వరునందు నలుగురు రోగులకు దీనిని చేసిరి. 2013లో ఆమ్‌స్టర్‌డామువారు క్లాస్ట్రిడియం డిఫిసిలి అను క్రిమివలన మరల మరల విరేచనములగు 16 మందికి చేయగా 15 మందికి నయమైనది. మామూలు మందు వాడిన 13 మందిలో నలుగురికే నయమైనది. 2022, 2023లలో అమెరికా ప్రభుత్వశాఖ ఇట్టి మందులు రెంటిని అనుమతించెను, ఆ ఒక్క వ్యాధి తిరుగబెట్టకుండుటకు మాత్రమే. 2019లో అమెరికాలోనే, సరిగా పరీక్షింపని దాతనుండి వచ్చిన మొండిక్రిమివలన ఒక రోగి మరణించెను. ఊపిరితిత్తుల వ్యాధికి ఇది నేడు పరిశోధనాంశమే గాని చికిత్స కాదు. ఎవరైన డబ్బు పుచ్చుకొని చేసెదమనినచో పోలీసులకు చెప్పవలసిన విషయము.

ఇక మిగిలినది భోజనము. ఇచ్చట మాకు కొంత ఆశ కలదు, దానిని దాచము. కొత్తగూడెము, ఇల్లెందు పల్లెలలో ఒకనాడు జొన్నగటక, అంబలి, ఉలవలు, బొబ్బర్లు దినభోజనము. గనిజీతముతోబాటు తెల్లబియ్యము వచ్చినది. తరువాత చౌకదుకాణమును తెల్లబియ్యమునే ఇచ్చినది. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరుగ్రాముల పాలిషు బియ్యమున పీచు మూడుగ్రాములకు లోపు. జొన్నలలో సుమారు 10, రాగులలో 11, పొట్టుతోనున్న సెనగలలో 25. వండి చల్లారిన అన్నమున కొంత పిండి జీర్ణముకాని రూపమునకు మారును. చద్దియన్నమునందు దానికి పులుపును తోడగును. వీనిలో ఏదియు మచ్చను కరగింపదు. కాని సి.ఓ.పి.డి. రోగి చిక్కిపోవును, కండ కరగును. మంచి తిండి తినువాడు ఎక్కువకాలము నిలిచి నడుచును. ఇంతవరకు నిశ్చయము. ఆపైన ప్రేగుక్రిములద్వారా ఊపిరికి మేలు కలిగినచో అది లాభము. కలుగకున్నను నష్టము లేదు. ఆయాసమున్నవాడు పప్పుధాన్యములను ఒక్కసారిగా పెంచరాదు. కడుపు ఉబ్బినచో ఊపిరి మరింత కష్టమగును. కొంచెముకొంచెముగా అలవాటు చేసికొనవలెను.

బెల్లమునుగూర్చియు అడుగువారు కలరు. ధూళిలో పనిచేయువారు బెల్లము తిన్నచో రొమ్ము శుభ్రపడునను నమ్మకము మనదేశమున చిరకాలమునుండి యున్నది. లక్నోలోని ప్రభుత్వ విషశాస్త్ర పరిశోధనశాలవారు దీనిని నవ్వి త్రోసివేయక, ఎలుకలపై పరీక్షించి 1994లో ఫలితము ప్రకటించిరి. బెల్లమిచ్చిన ఎలుకలలో బొగ్గు, సిలికా రేణువులు ఊపిరితిత్తులనుండి ఎక్కువగా తరలినవని వారు వ్రాసిరి. ముప్పది సంవత్సరములు దాటినను గనికార్మికుల విషయమున ఆ మాట తేలలేదు. మధుమేహము ఇంటింటికి వచ్చిన యీ కాలమున బెల్లమును మేము సలహా చెప్పజాలము. ఇట్టి ప్రశ్నను మన దేశమువారే అడిగి, సగములో విడిచిపెట్టిరను విచారమును చెప్పగలము.

ఇదంతయు వ్రాయుచుండగా మాకు కలుగుచున్న భయమొకటి కలదు. ఊపిరితిత్తుల వ్యాధికి కారణము పొట్టలో కలదను మాట ప్రబలినచో, రేపు ఎవరో ఒకరు ధూళిమాట మాని కార్మికుని పళ్లెముమాట ఎత్తుదురు. ‘నీవు తిన్నది సరికాదు, నీ ప్రేగులు సరికావు, అందుచే నీకు దగ్గు’ అందురు. ఇది మా కల్పన కాదు, చరిత్రలో జరిగినదే. బ్రిటనులో గనికార్మికుల దీర్ఘకాలపు దగ్గునకు సిగరెట్లే కారణమని చాలకాలము వాదించిరి. 1993లోగాని అచ్చట దానిని వృత్తివ్యాధుల పట్టికలో చేర్చలేదు. అదియు భూగర్భమున 20 సంవత్సరములు పనిచేసినవారికి మాత్రమే. 1998లో న్యాయస్థానము ప్రభుత్వ బొగ్గుసంస్థయే బాధ్యురాలని తీర్పుచెప్పిన తరువాత పరిహారము కోరినవారు ఐదున్నర లక్షలు దాటిరి. ఎందరో అప్పటికే మరణించిరి. వారి భార్యలు అర్జీలు పెట్టిరి. అమెరికాలో 1969 చట్టముతో ఈ వ్యాధి అణగినదని సంతోషించుచుండగా, వర్జీనియాలోని మూడు వైద్యశాలలలోనే 2013 మొదలు 2017 వరకు మిక్కిలి ముదిరిన న్యూమోకోనియోసిస్ 416 మందిలో బయటపడినదని 2018లో తెలిసినది. బొగ్గుపొరలు పలుచనై, యంత్రములు బొగ్గుతోబాటు రాతిని పిండిచేయుటచే సిలికా పెరిగినదని పరిశోధకులు చెప్పిరి. ఆ 416 మంది ప్రేగులు ఎట్లుండినను, రాతిపొడి లేనిచో ఆ మచ్చలు లేవు.

మనదేశమున 1923 నాటి పరిహారచట్టపు మూడవ అనుబంధమున న్యూమోకోనియోసిస్ వృత్తివ్యాధిగా చేరెను. 1952 నాటి గనుల చట్టము 25వ సెక్షను, ప్రకటిత వ్యాధులు కనబడినపుడు యజమానియు వైద్యుడును అధికారులకు తెలుపవలెనని విధించెను. నిర్ణీతకాలమునకొకసారి వైద్యపరీక్ష జరుపవలెనను నియమమును ఏర్పడెను. ఈ చట్టముల స్థానమున 2025 నవంబరు 21 నుండి కొత్త కార్మిక కోడులు అమలునకు వచ్చినవి. కాగితము మారినను ఊదించు గొట్టము మారదు. ప్రతి పరీక్షలోను స్పైరోమీటరు ఊదించి, ఆ అంకెను కార్మికుని చేతికి తెలుగులో వ్రాసి ఇయ్యవలెను. అయిదేండ్ల క్రితపు అంకెను పక్కన పెట్టుకొని చూచినచో తన ఊపిరి తరుగుచున్నదో లేదో అతనికే తెలియును. ‘అన్‌ఫిట్’ అను మాట వైద్యమండలి నోటనుండి వచ్చువరకు వేచియుండనక్కరలేదు.

సింగరేణి బొగ్గులో అధికభాగము నేడు భూగర్భమునుండి కాక ఉపరితల గనులనుండి వచ్చుచున్నది. అచ్చట బొగ్గుమీది మట్టిని, రాతిని ప్రేల్చి తొలగించు పనిలో చాలభాగము కాంట్రాక్టర్లది. టిప్పరు తోలువాడు, డ్రిల్లుకడ నిలుచువాడు, రోడ్డుమీద నీళ్లు చల్లువాడు, గని అంచున నివసించు గ్రామస్థుడు, వీరందరు పీల్చునది బొగ్గుకంటె రాతిపొడి ఎక్కువ కలిసిన గాలి. వీరిలో చాలమంది ఇరువదేండ్ల తరువాత ఏ కంపెనీ పట్టికలోను ఉండరు.

కావున మేము కోరునది రెండు పనులు, ఒకదానికొకటి అడ్డము కాకుండ. ధూళి కొలతలు ప్రతి గనికడను పలకమీద వ్రాయబడవలెను. నీరు చల్లుట, డ్రిల్లునకు ధూళిని పీల్చు తొట్టి, టిప్పరునకు మూసిన గది, ముఖమునకు సరిపడు మాస్కు ఇవి మొదటి వైద్యము. రెండవది, ప్రేగువైద్యము నిజమో కాదో కొత్తగూడెములోనే తేల్చవలెను. 1918లో కూనూరున రాబర్టు మక్కారిసన్ ఒక చిన్నగదిలో బెరిబెరి వ్యాధిని శోధించుటకు ఆరంభించిన పనియే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేటి పోషకాహార సంస్థయైనది. అన్నమునకును వ్యాధికిని గల సంబంధమును శోధించుటకు ఇంతకన్న తగిన సంస్థ యేది? కొత్తగూడెమున కంపెనీ ప్రధానవైద్యశాల కలదు; 2022 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. రోగులకు, దురదృష్టవశమున, కొరత లేదు.

సి.ఓ.పి.డి. గల కార్మికులను, పదవీవిరమణ చేసినవారిని వారి సమ్మతితో రెండు జట్లుగా చీటీలు వేసి విడదీయవలెను. పీల్చు మందులు ఇద్దరికిని ఒక్కటే. ఒక జట్టుకు జొన్న, రాగి, పప్పుధాన్యములు వారి యింటికే అందింపవలెను. రెండవ జట్టుకు అదే విలువగల మామూలు సరుకులు. సంవత్సరముపాటు స్పైరోమీటరు అంకె, ఆరునిమిషములలో నడచిన దూరము, ఊపిరి ముదిరి ఆసుపత్రిలో చేరిన దినములు వ్రాసి, మలపరీక్షలో క్రిములు మారినవో లేదో చూచి, ఫలితము ఎట్లున్నను ప్రకటింపవలెను. మేలు లేదని తేలినచో అదియు ప్రకటింపవలెను. అంతటితో పొడులవారి నోరైనను మూతపడును. ఆ పట్టికలో కాంట్రాక్టు టిప్పరు డ్రైవర్ల పేర్లు మొదటినుండియే ఉండవలెను.